విండ్‌సర్ఫింగ్‌లో జంప్ నేర్చుకుంటున్నారా? పాదం, మోకాలు, తల విరగ్గొట్టుకోకుండా ఎలా నేర్చుకోవాలి

నా పాదం చెడగొట్టిన జంప్ మోకాలెత్తు కూడా లేదు. దిగేటప్పుడు ఏదో తేడా కొడుతోందనిపించి వెనక కాలు స్ట్రాప్‌లోంచి (బోర్డు మీద పాదాలు దూర్చుకునే పట్టీ) లాగేశాను, ముందు కాలు మాత్రం లోపలే ఉండిపోయింది, బోర్డు ఒక పక్కకి తిరిగింది, నేను ఇంకో పక్కకి పడ్డాను, మధ్యలో మా ఇద్దర్నీ కలిపి ఉంచింది ఆ ఒక్క పాదమే. టప్పున శబ్దం వచ్చింది. చిన్న జంపే కదా, బెణికి ఉంటుందిలే అనుకుని రెండు రోజులు కుంటుతూ తిరిగాను కూడా.

తర్వాత ఆలోచిస్తే తప్పు ఎక్కడ జరిగిందో అర్థమైంది. ఎత్తులో కాదు, స్పీడులో కాదు. బోర్డుతోనే ఉండాలా, వదిలేసి పోవాలా అన్నది గాల్లో ఉండగా తేల్చుకోబోయాను, సగం ఉండి సగం వదిలేశాను. జంప్ నేర్చుకునేవాళ్ళకి తగిలే పెద్ద దెబ్బల్లో చాలావాటి వెనక ఈ సగం సగం వ్యవహారమే ఉంటుంది. అందుకే ఎగరడం కంటే ముందు బోర్డు నుంచి విడిపోవడం నేర్చుకోమంటాను.

ముందు మీరు రెడీనా కాదా చూసుకోండి

రెండు కాళ్ళూ స్ట్రాప్స్‌లో, హార్నెస్ (ఒంటికి కట్టుకుని హుక్‌తో సెయిల్‌కి తగిలించుకునే పట్టీ) హుక్ చేసుకుని, రెండు దిక్కుల్లోనూ ఫుల్ స్పీడులో టెన్షన్ లేకుండా పోగలగాలి. కాళ్ళు అందని లోతులో వాటర్‌స్టార్ట్, అంటే నీళ్ళలో పడి ఉన్నవాళ్ళు సెయిల్ లాగే బలంతో బోర్డు మీదికి లేవడం, ఆలోచించకుండా వచ్చేయాలి. జైబ్ (గాలి పోయే వైపు నుంచి బోర్డుని వెనక్కి తిప్పుకోవడం) పర్ఫెక్ట్‌గా రావాల్సిన పనేం లేదు, నాకు ఇప్పటికీ పదిలో నాలుగు పోతాయి. కానీ వాటర్‌స్టార్ట్ రాకపోతే మాత్రం ఇప్పుడే వద్దు, ఎందుకంటే జంప్ నేర్చుకోవడమంటే పడటం, లేవడం, మళ్ళీ పడటం. లేవడానికే ఒంట్లో శక్తి అంతా అయిపోతే ఐదో జంప్‌కి కాళ్ళు వణుకుతుంటాయి, దెబ్బ తగిలేది అప్పుడే.

చోటు, గాలి, లోతు

లోతు సంగతి చాలామంది పట్టించుకోరు. నడుం లోతు నీళ్ళలో నేర్చుకుంటే పడ్డాక లేచి నిలబడొచ్చు కదా అనిపిస్తుంది. వాటర్‌స్టార్ట్‌కి అది బాగానే ఉంటుంది, జంప్‌కి పనికిరాదు. మీటరున్నర ఎత్తునుంచి వీపు మీదో తల మీదో పడితే నడుం లోతు నీళ్ళు మిమ్మల్ని ఆపలేవు, అడుగున ఇసుకే ఆపుతుంది, ఆ ఆపడంలో మెడ పోవచ్చు. కనీసం మీ ఛాతీ దాటి ఉండాలి, కాళ్ళు అందకపోతే ఇంకా మంచిది. సెయిల్‌ని (తెరచాప) నిలబెట్టే కర్ర, అంటే మాస్ట్, పొడవే 4 మీటర్ల దగ్గర ఉంటుంది, బోల్తా పడినప్పుడు దాని కొన నేలకి గుచ్చుకుంటే విరిగేది మాస్ట్ ఒక్కటే అయితే అదృష్టమనుకోవాలి. ఆటుపోట్లు ఉన్న చోట పొద్దున లోతుగా ఉన్నది మధ్యాహ్నానికి ఇసుక మేట అవుతుంది, కాబట్టి మొదటి జంప్‌కి ముందు ఒకసారి బోర్డు ఆపి దిగి కాళ్ళతో చూసుకోండి. అడుగున రాయో పగడపు దిబ్బో ఉంటే ఆ చోటే వదిలేయండి.

గాలి ఒడ్డుకి అడ్డంగా వీస్తుండాలి, కాస్త ఒడ్డువైపు వాలి ఉన్నా ఫరవాలేదు. ఒడ్డునుంచి సముద్రం లోపలికి తోసే గాలిలో జంప్ మొదలుపెట్టకండి. సామాను విరిగినా కాలు బెణికినా అది మిమ్మల్ని ఇంటికి చేర్చదు. బలం విషయానికొస్తే, 70–75 కిలోల మనిషికి 5 చదరపు మీటర్ల సెయిల్ హాయిగా లాగే గాలి, అంటే సుమారు 20 నాట్లు (గంటకి 37 కిలోమీటర్లు), స్థిరంగా ఉంటే చాలు. సెయిల్ మరీ పెద్దదైతే మీరు అనుకున్నదానికంటే పైకి లేపి తిప్పి పడేస్తుంది. మరీ చిన్నదైతే ఇంకో సమస్య, చాలామంది గమనించనిది: దిగేటప్పుడు మీ బరువు సగం మోయాల్సింది సెయిలే, అందులో గాలి లేకపోతే మీరు రాయిలా పడతారు.

మొదటి కొన్ని రోజులు మోకాలెత్తు చిన్న కెరటాలు చాలు. విరిగే అలల దగ్గరికి ఇంకా పోకండి. అల మిమ్మల్ని పైకి విసురుతుంది, దిగడం మాత్రం మీరే చూసుకోవాలి.

గాలివాటు వైపు, అంటే గాలి పోయే వైపు, ఖాళీగా ఉందా చూడండి. గాల్లో బోర్డు ఎప్పుడూ గాలివాటుకి కొట్టుకుపోతుంది, మీరు వదిలేస్తే ఇంకా దూరం పోతుంది. ఈదేవాళ్ళు, వేరే సర్ఫర్లు ఉంటే జంప్ మానేయండి. లోపలికి వెళ్ళేవాళ్ళదా, బయటికి వచ్చేవాళ్ళదా దారి అన్న రూల్స్ తర్వాత మాట్లాడుకోవచ్చు, ఎదుటివాడికి మీరు ఎగరబోతున్నట్టు తెలియదు.

సామాను: అన్నిటికంటే ముందు స్ట్రాప్స్

మొదట్లో విండ్‌సర్ఫింగ్ బోర్డులకి స్ట్రాప్స్ ఉండేవే కావు. 1970ల చివర్లో హవాయిలో కైలువా అనే ఊరి కుర్రాళ్ళు అలల మీంచి ఎగిరినప్పుడు బోర్డు కాళ్ళ కిందే ఉండాలని వాటిని బిగించుకున్నారు, ఆటే మారిపోయింది. మన పాదాలు విరగ్గొట్టేదీ అవే స్ట్రాప్స్.

సైజు ఇలా చూసుకోండి. ఒట్టికాళ్ళతో పాదం పెట్టినప్పుడు వేళ్ళు అవతలికి కనిపించాలి, అంతవరకే. పాదం వంపు దాటి చీలమండ దాకా లోపలికి జారిందంటే స్ట్రాప్ వదులైంది. వదులుగా ఉంటే సులువుగా బయటికి వస్తుంది కదా అని నేనూ అనుకున్నాను. రాదు. ఎంత లోపలికి పోతే అంత గట్టిగా ఇరుక్కుంటుంది, తిరగేసిన పాదాన్ని ఒడిసిపట్టుకుంటుంది. మరీ బిగుతుగా ఉన్నా ఇబ్బందే, కానీ దాంట్లో కనీసం సగం పాదం బయటే ఉంటుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను కొంచెం బిగుతు వైపే మొగ్గుతాను. చలికి బూట్లు వేసుకుంటే ఆ బూట్లతోనే మళ్ళీ కొలుచుకోండి, రబ్బరు అడుగు తడిస్తే కూడా పట్టేస్తుంది. స్ట్రాప్ కింద స్క్రూలు రెండేసి ఉండే చోట రెండూ పెట్టండి, ఒక్క స్క్రూతో ఉంటే స్ట్రాప్ మెలి తిరిగి కాలికి చుట్టుకుంటుంది.

ఇంకా చూడాల్సినవి: మాస్ట్ అడుగున వంగే రబ్బరు జాయింట్‌ని చేత్తో అటూ ఇటూ వంచి పగుళ్ళున్నాయేమో చూడండి, అది దిగేటప్పుడు తెగితే బూమ్ (సెయిల్‌కి అడ్డంగా ఉండే, చేతులతో పట్టుకునే కర్ర) మీద వేలాడుతున్న మీరు నేరుగా ముందుకి పడతారు. ఫిన్ (బోర్డు వెనక అడుగున ఉండే రెక్క) బోల్టు బిగించండి. బూమ్‌కి ముందు బిగింపు సడలిందేమో చూడండి. హెల్మెట్ పెట్టుకోండి, ఇందులో చర్చే లేదు, ఎందుకంటే తల కొట్టుకునేది నీళ్ళకి కాదు, మాస్ట్‌కి, బూమ్‌కి. చెవుల్ని కప్పే రకమైతే చెంప మీద పడినప్పుడు కర్ణభేరి చిల్లు పడే ప్రమాదం కూడా తగ్గుతుంది. పక్కటెముకల కోసం ఇంపాక్ట్ వెస్ట్ వేసుకోండి, కానీ మరీ తేలించే రకం వద్దు, సెయిల్ కింద చిక్కుకుంటే కిందకి మునిగి బయటపడగలగాలి.

విడిపోవడం: ముందు ఒడ్డున, తర్వాత నీళ్ళలో

ఇది బోరు కొట్టే పని, అందుకే ఎవరూ చేయరు. ఫిన్ తీసేసి బోర్డుని మెత్తటి ఇసుక మీద పెట్టండి. స్ట్రాప్స్‌లో నిలబడి మోకాళ్ళు వంచి, "పో" అని మీకు మీరే అనుకుని, రెండు కాళ్ళూ ఒకేసారి వెనక్కి లాగి దూకండి. కాలివేళ్ళని పైకి ఎత్తితే పాదం స్ట్రాప్‌లో కొక్కెంలా పట్టుకుంటుంది, వేళ్ళు కిందకి చాచి మడమ వైపు లాగితే జారి వస్తుంది. ఈ చిన్న తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇరవై సార్లు చేయండి. ముందు కాలు వెనక పడుతోందా చూసుకోండి. చాలామందికి పడుతుంది, ఎందుకంటే మన ధ్యాసంతా వెనక కాలి మీదే ఉంటుంది.

తర్వాత నీళ్ళలో, మెల్లగా పోతూ, ఎగరకుండానే, అదే పని. ఆ తర్వాత దీనికి పూర్తిగా ఎదురుది: వదలకుండా పడటం. రెండు కాళ్ళూ లోపలే, రెండు చేతులూ బూమ్ మీదే, గాలి వచ్చే వైపుకి పిరుదుల మీద కూర్చున్నట్టు నీళ్ళలో పడండి, సెయిల్ మీ మీదుగా నెమ్మదిగా వస్తుంది. ఈ రెండూ చేతనైతే సగం పని అయిపోయినట్టే.

జంప్

హుక్ తీసేయండి. తర్వాత తర్వాత హుక్ పెట్టుకుని ఎగిరేవాళ్ళని చూస్తారు, వాళ్ళని చూసి మీరు చేయొద్దు. హుక్ ఉండగా బోర్డు ముక్కు నీళ్ళలో గుచ్చుకుందంటే మాస్ట్ గాలివాటుకి విసురుతుంది, మీరు దానికి కట్టేసిన మూటలా వెంటే పోతారు, తల నేరుగా మాస్ట్ మీదికి.

గాలికి అడ్డంగా, ఒక చిటికెడు ఎదురుగాలి వైపు తిప్పి, బాగా స్పీడు మీద ఉండండి. ముందున్న చిన్న కెరటాల్లో నిటారుగా నిలబడిన ఒకదాన్ని పట్టుకోండి. ముక్కు దాన్ని తాకే క్షణంలో మోకాళ్ళు వంచి, వెనక కాలితో తోకని తొక్కి వెంటనే పైకి లేవండి, బూమ్ మీద వేలాడండి. గాల్లోకి రాగానే చేయాల్సింది ఒకటే: వెనక మడమని పిరుదుల దగ్గరికి లాక్కోండి, రెండు మోకాళ్ళూ ముడుచుకోండి, చిన్న మూటైపోండి. సెయిల్‌ని దగ్గరికి లాగి ఉంచండి. భయం వేసినప్పుడు చేతులు చాచేసి సెయిల్‌ని తెరిచేయడం అందరూ చేసే తప్పు, దాంతో గాలి మొత్తం పోతుంది, పారాచూట్ మూసేసినట్టు.

చూపు బోర్డు ముక్కు మీద కాదు, దిగబోయే చోటు మీద. తల ఎటు తిరిగితే ఒళ్ళు అటు పోతుంది.

మొదటి జంప్స్‌లో బోర్డు నీళ్ళు వదిలి అరచేయంత లేస్తే చాలు. నిజంగానే. ఒడ్డున ఫోన్ పట్టుకుని వీడియో తీసేవాళ్ళు మునగచెట్టు ఎక్కిస్తారు, "ఇంకొంచెం ఎత్తు" అని. ఆ ఇంకొంచెం వాళ్ళ కాళ్ళ మీద పడదు.

దిగడం

చిన్న లెక్క చెప్తాను. సెయిల్ ఏమీ మోయకుండా 1 మీటరు ఎత్తునుంచి ఊరికే పడితే నీళ్ళని తాకే వేగం గంటకి సుమారు 16 కిలోమీటర్లు. 2 మీటర్లకి 22 దాటుతుంది. 3 మీటర్లకి 27 పైన. నీళ్ళు మెత్తనివే కానీ బోర్డు అడుగు చదునుగా పడితే ఆ మెత్తదనం మీకు అందదు, బోర్డు చప్పుమని ఆగిపోతుంది, ఆ దెబ్బంతా మడమ, చీలమండ, మోకాలు, నడుం దాకా ఎక్కుతుంది. చదునుగా దిగడం కంటే ఘోరం చదునుగా, కాళ్ళు బిగదీసి, ముందుకి వేగం లేకుండా దిగడం.

కాబట్టి తోక ముందు దిగాలి. దిగే ముందు వెనక కాలిని కాస్త చాచండి, ఫిన్, తోక కత్తిలా నీళ్ళలోకి దిగుతాయి, తర్వాత మోకాళ్ళు వంగుతూ మిగతా బోర్డు దిగుతుంది. అదే సమయంలో ముక్కుని కొద్దిగా గాలివాటు వైపు తిప్పండి, అప్పుడు దిగగానే బోర్డు ఆగకుండా ముందుకి సాగుతుంది, దెబ్బ కాళ్ళకి బదులు వేగంలో కలిసిపోతుంది. సెయిల్‌లో గాలి నిండుగా, మీ బరువు బూమ్ మీద. సరిగ్గా కుదిరితే దిగినట్టే తెలియదు. ముందు మోకాలు మాత్రం ఎప్పుడూ నిటారుగా బిగించి దిగకండి, అది వెనక్కి విరుచుకుంటుంది.

గాల్లో తేడా వస్తే

1 మీటరు పైనుంచి కింద పడటానికి అర సెకను కూడా పట్టదు. అందులో ఆలోచన కుదరదు. అందుకే ఒడ్డున ఉండగానే ఒక గీత గీసుకోండి. నా గీత ఇది: బోర్డు నా నడుం ఎత్తు దాటకపోతే ఏం జరిగినా వదలను. రెండు కాళ్ళూ లోపలే, రెండు చేతులూ బూమ్ మీదే, ముడుచుకుని, కుదరకపోతే గాలి వచ్చే వైపు పిరుదుల మీద కూర్చునేస్తాను. ఈ ఎత్తులో వదిలేస్తే సామానుకి మీ నుంచి దూరంగా పోయేంత సమయం ఉండదు, మీ మీదే పడుతుంది, ఫిన్ చర్మాన్ని ఎలా కోస్తుందో చూసినవాళ్ళు మర్చిపోరు.

నడుం దాటి ఎత్తుకి పోయి, బోర్డు తిరగబడటమో ముక్కు నేరుగా ఆకాశంలోకి లేవడమో జరిగితే ఆలస్యం చేయకుండా వదిలేయాలి. రెండు కాళ్ళూ ఒకేసారి, బూమ్‌ని గాలివాటుకి బలంగా తోసేసి, మీరు గాలి వచ్చే వైపు ఉండిపోయేలా. ఆ తర్వాత ముడుచుకుని కాళ్ళు కిందకి పెట్టుకుని పడండి, పొట్ట మీద, వీపు మీద, చెంప మీద పడకుండా. ఒక కాలు వచ్చి రెండోది రాకపోతే? అప్పుడు వచ్చిన కాలిని మళ్ళీ లోపల పెట్టే టైమ్ ఉండదు, కనీసం బూమ్‌ని వదలకుండా పట్టుకుని బోర్డుకి దగ్గరగా ముడుచుకోండి, బోర్డు ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క పోతేనే పాదం మెలిపడేది. బూమ్ ఒంటిచేత్తో పట్టుకుని వేలాడటమూ అంతే, ఈసారి పోయేది భుజం.

నీళ్ళలో పడ్డాక వెంటనే పైకి రావొద్దు. చేతులతో తల కప్పుకుని వస్తే పైనున్న మాస్ట్‌కి చేయి తగులుతుంది, తల కాదు. సెయిల్ కింద ఉన్నారనిపిస్తే కంగారు పడకుండా, హుక్ ఏమైనా తగులుకుందేమో తడిమి, ఒకే దిక్కుగా సెయిల్‌ని చేత్తో నెట్టుకుంటూ పోండి, దాని అంచు రెండు మూడు బారల కంటే దూరం ఉండదు.

ముందుకి పల్టీ కొట్టే ఫార్వర్డ్ లూప్ గురించి అడిగేవాళ్ళకి: మామూలు జంప్ వందసార్లు సాఫీగా దిగాక మాట్లాడుకుందాం.

ఎప్పుడు ఆపాలి, దెబ్బ తగిలితే ఏం చేయాలి

మూడు జంప్స్ వరసగా సరిగ్గా దిగలేకపోతే ఆ రోజుకి చాలు. "ఇంకొక్కటి వేసి పోదాం" అన్న జంప్ వేయకండి, నాది అదే.

తలకి గట్టిగా తగిలితే బాగానే ఉందనిపించినా ఆ రోజు నీళ్ళలోంచి బయటికి వచ్చేయండి, ఒంటరిగా ఉండొద్దు. తలనొప్పి పెరుగుతుంటే, వాంతులైతే, మాట తడబడితే, చెప్పిందే చెప్తుంటే వెంటనే ఆసుపత్రికి. మెడ నొప్పితో పాటు చేతుల్లో కాళ్ళలో తిమ్మిరి ఉంటే మెడ తిప్పకండి, బోర్డు పట్టుకుని తేలుతూ సాయం కోసం ఆగండి. రెండు చేతులూ పక్కలకి చాచి మెల్లగా, పదేపదే పైకి కిందకి ఊపడం సాయం కావాలనే సైగ. ఏ పరిస్థితిలోనూ బోర్డు వదిలి ఒడ్డుకి ఈదకండి, తేలేది అదే, దూరంనుంచి కనిపించేదీ అదే.

ఇక పాదం. పాదం మధ్యలో నొప్పి, బరువు వేస్తే ప్రాణం పోతున్నట్టుంది, ఒకటి రెండు రోజుల్లో అరికాలు నీలంగా కమిలింది అంటే అది బెణుకు కాదని అనుమానించండి. పాదం నడిమి కీళ్ళు కదిలిపోయే ఈ దెబ్బని లిస్‌ఫ్రాంక్ అంటారు, నెపోలియన్ కాలం నాటి ఒక ఫ్రెంచ్ సర్జన్ పేరు. గుర్రం మీంచి పడ్డప్పుడు పాదం రికాబులో ఇరుక్కుపోతే వచ్చే దెబ్బగా దీన్ని పాతకాలం నుంచీ చెప్తారు. మన ఫుట్‌స్ట్రాప్ కూడా రికాబే కదా. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఇది తప్పిపోవచ్చు, నాకు మొదటిసారి అలాగే తప్పిపోయింది. కాలి మీద బరువు వేసి నిలబడి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు కనిపించింది. ఎముకల డాక్టర్‌కి "పాదం ఇరుక్కుని మెలిపడింది" అని ఎలా జరిగిందో స్పష్టంగా చెప్పండి, నిలబెట్టి ఎక్స్‌రే అవసరమా అని అడగండి.

నాకు రెండు స్క్రూలు వేశారు, ఎనిమిది వారాలు ఆ కాలు నేల మీద పెట్టనివ్వలేదు. మళ్ళీ మొదలుపెట్టింది, ఆ ఒక్క కాలి మీద నొప్పి లేకుండా పదిసార్లు గెంతగలిగాకే. మొదటి నెల స్ట్రాప్స్ విప్పేసి నడిపాను. ఇప్పుడు ముందు స్ట్రాప్ ఒక రంధ్రం బిగించి వాడుతున్నాను, ఇసుక మీద ఆ ఇరవై దూకుళ్ళూ ప్రతిసారీ చేస్తాను, పక్కవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.